మా అత్త కట్టని ఇన్‌కంటాక్సు

మా ఊళ్ళో కొత్త పడవ నీళ్ళలోకి దించేటప్పుడు దాని మీద కొన్నవాడి పేరు రాయరు. ఆ ఇంట్లో పెద్ద ఆడమనిషి పేరు రాస్తారు. సముద్రం ఎంత కోపంలో ఉన్నా తల్లి పేరు చూసి కాస్త వెనక్కి తగ్గుతుందని మావాళ్ళ నమ్మకం. పేరు రాయడంతో అయిపోదు. వేట నుంచి వచ్చి చేపలు అమ్మాక మనిషికో వాటా, వలకో వాటా, పడవకో వాటా తీస్తారు. పడవ వాటా ఆ పేరుగల ఆమె చేతికే పోవాలి. ఆమె ఆ పూటంతా ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నా సరే, ఎందుకివ్వాలని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మాకు సొంత పడవ లేదు. మా ఆయన వేరేవాళ్ళ పడవలో పోతాడు, మనిషి వాటా తెస్తాడు. అందువల్ల మా అత్త పేరు ఏ పడవ మీదా లేదు. ఈ సంగతి ముందుగా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత మా ఇంట్లో జరిగిన రచ్చకంతటికీ మూలం ఇదే.

బోగోలు మండలంలో సముద్రం పక్కన ఉన్న ఊరు మాది. వేసవిలో ప్రభుత్వం వేట ఆపేస్తుంది. అప్పుడు పడవలన్నీ ఇసుకలో పడి ఉంటాయి, మగవాళ్ళు వాటి నీడన పడి ఉంటారు. అలాంటి ఒక వేసవిలో నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఎండబెట్టిన నెత్తళ్ళు బస్తాలకొద్దీ ఉన్నాయి, వచ్చే షావుకారు చెప్పిందే ధర. నేను కావలిలో బి.కాం. చదివినదాన్ని. ఆ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేదాన్ని. ఎండుచేపలు శుభ్రం చేసి, తలలు తీసి, పొట్లాలు కట్టి ఫోన్లో అమ్ముతానని ప్రకటించాను. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ నెత్తళ్ళ పులుసు కోసం మొహం వాచిపోయిన మనవాళ్ళు బోలెడంత మంది ఉన్నారని నాకు గట్టి నమ్మకం.

ఆన్‌లైన్లో అమ్మే ఒక కంపెనీలో చేరడానికి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. యజమాని పేరు అని అడిగింది. నా పేరు కొట్టబోతుంటే మా ఆయన వెనకనుంచి తొంగి చూశాడు.

"కొత్తది మొదలుపెడతా నీ పేరేంది మే? అమ్మ పేరు పెట్టు."

"ఇదేమన్నా పడవా?"

"పడవో ఇంకోటో. ఇంటి పెద్ద పేరుంటే కలిసొస్తాది."

అప్పుడు ఏ కళనున్నానో, సరేలెమ్మన్నాను. ఎప్పుడో పొదుపు గుంపు లోను కోసం తీసిన పాన్ కార్డు అత్త పెట్టెలో చీర మడతల కింద ఉండనే ఉంది. బ్యాంకు ఖాతా కూడా ఆమెకుంది. అన్నీ నింపాక ఏం చేస్తుంటారు అనే గడి వచ్చింది. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వడం లేదు. వ్యాపారం అని పెట్టాను.

అత్త మంచం మీద కూర్చుని అంతా చూస్తోంది. "నా గురించి ఏందో రాస్తుండావే, చదువు మే," అంది. పేరు చదివాను, ఊరు చదివాను, వ్యాపారం అని చదివాను.

"ఇంకోసారి చదువు."

చదివాను. ఆమె లేచి పోయి నాకు కాఫీ పెట్టిచ్చింది. అది ఎంత పెద్ద సంగతో మీకు తెలియాలంటే ముందు మా అత్త కాఫీ పొడి గురించి చెప్పాలి.

ఆ కాఫీ పొడి ఆమె సొంతం. తాళం వేసిన డబ్బాలో ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తేదీన వచ్చే వృద్ధాప్య పెన్షన్‌తో కావలిలో ఒకే ఒక కొట్లో ఆమే పోయి పొడి ఆడించుకుని వస్తుంది. మా డబ్బుతో కొన్న పొడి తాగదు. ఎవరైనా వస్తే తన డబ్బా తెరిచి, "నా పెన్షన్ కాఫీ, తాగండి," అని ఇస్తుంది. పెళ్ళైన ఏడాదే మేం వేరే రేషన్ కార్డు తీసుకున్నాం. ఆమె కార్డు ఆమెది, పెన్షన్ ఆమెది, కాఫీ ఆమెది. కొడుకు ముందూ కోడలి ముందూ చెయ్యి చాపే రోజు రాకూడదన్నది ఆమె పంతం. ఆ పంతమంతా ఆ పెన్షన్ మీదే నిలబడి ఉండేది.

ఒకటో తేదీ వచ్చిందంటే మా ఇంట్లో పండగే. పెన్షన్ ఇచ్చేందుకు మా ఊరి సచివాలయం అమ్మాయి ఇంటికే వస్తుంది, వేలిముద్ర తీసుకుని డబ్బు చేతిలో పెడుతుంది. చిక్కేమిటంటే, జీవితమంతా చేపలు తోమీ ఉప్పు పిసికీ మా అత్త వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. మిషన్‌కి ఆమె వేలు ఒక పట్టాన దొరకదు. అందుకని ముందురోజు నుంచే ఆ బొటనవేలికి సేవలు. చింతపండుతో రుద్దడం, కొబ్బరినూనె పట్టించడం, ఆ పూట చేపలు ముట్టుకోకపోవడం. పొద్దున్నే తలకు పోసుకుని, ఉన్నవాటిల్లో మంచి చీర కట్టుకుని, వేలిని కొంగులో చుట్టుకుని గడపలో కూర్చుంటుంది. పెళ్ళికూతుర్ని కూడా మేం అంత భద్రంగా చూసుకోం.

వ్యాపారం సాగింది. మా ఆయన నమ్మకం ఫలించిందో, తలలు తీసిన నెత్తళ్ళ మహిమో తెలియదు. మా వీధి ఆడవాళ్ళు నలుగురైదుగురు ఎండబెట్టడానికీ ఏరడానికీ వచ్చేవాళ్ళు. వాళ్ళకి కూలి ఇస్తానంటే ఒప్పుకోలేదు. పడవ లెక్కే కావాలన్నారు, అమ్మినదాంట్లో మనిషికో వాటా. గంగమ్మకి కొంచెం తీసిపెట్టాలన్నారు. అలాగే చేశాను. కొరియర్ కుర్రాడు మొదట్లో ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చేవాడు, తర్వాత తనకీ ఒక పొట్లం కట్టమని అడగడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్ళు ఫోన్లో మెచ్చుకుంటూ రాసేవి అత్తకి చదివి వినిపించేదాన్ని. ఒకామె మాత్రం ఒక్క స్టార్ ఇచ్చి, పొట్లం విప్పగానే చేపల వాసన వస్తోందని రాసింది.

"ఎండుచేపలు కొని మల్లెపూల వాసన రావాలంటదా ఆ యమ్మ?" అంది అత్త. "నేను చెప్తా, రాయి." ఆమె చెప్పింది నేను రాయలేదు. రాసి ఉంటే కంపెనీవాళ్ళు మమ్మల్ని ఆరోజే సాగనంపేవాళ్ళు.

ఏడాది తిరిగేసరికి కంపెనీ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. మా అమ్మకాల మీద కొంత ఇన్‌కంటాక్సు ముందే పట్టుకుని అత్త పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టేశారట. రిటర్న్ వేస్తే వెనక్కి రావచ్చని ఉంది. ఆ మొత్తం ఎంతో చూశాను. మంచి రకం ఎండు రొయ్యలు నాలుగు పొట్లాలు కూడా రావు. వదిలేస్తే పోయేది. కానీ మా ఆయనకి నిద్ర పట్టలేదు.

"మన సొమ్ము వాళ్ళ కాడ ఎందుకుండాల? నువ్వు బి.కాం. చదివినావు గదా?"

ఆ మాట అన్నాక ఇంకేం చేస్తాను. బస్సెక్కి కావలి పోయాను.

టాక్సులు చూసే ఆయన ఒక మెడికల్ షాపు పైన గదిలో ఉంటాడు. తల ఎత్తకుండా టైపు కొడుతూ ప్రశ్నలు వేశాడు. అమ్మకం చెప్పాను. ఖర్చులు చెప్పమన్నాడు. ఉప్పు, కవర్లు, ఆటో చెప్పాను. జీతాలు అన్నాడు.

"జీతాల్లేవు సార్, వాటాలు. ఏరే ఆడవాళ్ళకి మనిషి వాటా. అది కాకుండా గంగమ్మకి కొంచెం."

"గంగమ్మది పాన్ నంబరుందా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"ఆమె ఊరి పొలిమేరలో ఉంటాది సార్. మీరే అడగండి."

అప్పుడు తల ఎత్తాడు. కాసేపు నన్నూ, కాసేపు కంప్యూటర్నీ చూసి, కళ్ళజోడు తుడుచుకుని, ఇలాంటివాళ్ళకి ఖర్చుల లెక్కలు లేకుండా మొత్తం అమ్మకం మీద ఇంత లాభమని చూపించే పద్ధతి ఒకటుందనీ, అందులో వేస్తాననీ చెప్పాడు. ఆ ముక్క నాకు బి.కాం.లో చెప్పారో, నేను ఆరోజు కాలేజీకి పోలేదో గుర్తులేదు. అంతా అయ్యాక, "మీ అత్తగారు కట్టాల్సిన టాక్సు సున్నా. పట్టుకున్నది వెనక్కొస్తుంది. ఆమె ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, అడగండి," అన్నాడు.

ఫోన్ చేశాను. అత్తకి చదువు రాదు గాని అంకెలు బాగా వచ్చు.

"అత్తా, నీ ఫోన్‌కి ఇప్పుడొక నంబరొచ్చింది. చెప్పు."

"చెప్పను."

"ఎందుకు?"

"ఎవురడిగినా చెప్పొద్దని బ్యాంకులో పిలగాడు మరీ మరీ చెప్పినాడు."

"ఎవరంటే బయటోళ్ళు అత్తా. నేను నీ కోడల్ని."

"కోడలికైతే చెప్పొచ్చని ఆయన అనలా."

టాక్సులాయన మొదటిసారి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడోసారి ఓటీపీ తెప్పించాక, ఇంట్లో మా ఆయన ఆమె ఎదురుగా ఉండి, ఇటు మాట్లాడుతున్నది నేనేనని హామీ ఇస్తే గాని ఆ అంకెలు బయటికి రాలేదు. టాక్సులాయనకి ఫీజు ఇచ్చి, బస్సు టికెట్ కొనుక్కుని, ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను. రాబోయే సొమ్ము కన్నా నేను ఖర్చు పెట్టిందే ఎక్కువ. ఈ సంగతి మా ఆయనకి ఈనాటికీ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక ఒకటో తేదీ వచ్చింది. అత్త ఎప్పటిలాగే వేలికి చింతపండు రుద్దుకుంది, తలకు పోసుకుంది, గడపలో కూర్చుంది. సచివాలయం అమ్మాయి మా వీధిలోకి వచ్చింది, పక్కింటి ముసలామెకి పెన్షన్ ఇచ్చింది, ఎదురింటి తాతకి ఇచ్చింది. మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది గాని మిషన్ బయటికి తీయలేదు.

"అవ్వా, ఈ నెల నీది రాలేదు," అంది మెల్లగా. "ఇన్‌కంటాక్సు కట్టేవాళ్ళకి పెన్షన్ ఇవ్వరు. నీ పేరు మీద టాక్సు కట్టినట్టు చూపిస్తా ఉంది."

అత్త కొంగులోంచి వేలు బయటికి తీసి అలాగే పట్టుకుని ఉంది. "నేనేంది, టాక్సేంది అమ్మా? నువ్వు సరిగ్గా చూడు. ఆ మిషన్‌కి నేనెప్పుడూ ఒక పట్టాన దొరకను."

ఆ అమ్మాయి ఫోన్లో మళ్ళీ చూసింది. నేను వాకిట్లో నెత్తళ్ళ జల్లెడ పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు విషయం అర్థమైంది. పట్టుకున్న టాక్సు ఆమె పాన్ మీద ఉంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి రిటర్న్ వేసిందీ ఆమె పేరునే. నాలుగు పొట్లాల రొయ్యల డబ్బు కోసం పోయి అత్త పెన్షన్ పోగొట్టాను. నా పేరు పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు, మాది వేరే రేషన్ కార్డు, ఆమె పెన్షన్ లెక్కలోకి మేం రాం. పరిస్థితి చూసి మా ఆయన, వల చూసుకోవాలంటూ చల్లగా జారుకున్నాడు.

అత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాతో మాట్లాడడం మానేసి చేపలతో మాట్లాడడం మొదలుపెట్టింది. "చదువుకున్నోళ్ళు మే వీళ్ళు," అని నెత్తళ్ళకి చెప్పేది. "మనకేం తెలుసు, మనం ఎండకి ఎండాల్సినోళ్ళం." ఆ నెల కాఫీ డబ్బా అడుగు కనబడింది. పక్కింటి ముసలామె వస్తే, "ఒంట్లో బాగలేదు, కాఫీ మానేసినా," అని అబద్ధం చెప్పింది. అది విన్నాక పెన్షన్ ఎంతో అంత డబ్బూ తీసి, ఒక తమలపాకులో పెట్టి మరీ ఆమె ముందుంచాను.

ఆమె ముట్టుకోలేదు. "ఇది నువ్వు పెట్టేది. అది నాకు వచ్చేది," అంది. "రెండూ ఒకటేనా?"

ఇక లాభం లేదని ఆమెను వెంటబెట్టుకుని సచివాలయానికి పోయాను. ఆ అమ్మాయి మంచిది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఇదేం పెద్ద పని కాదంది. వ్యాపారం నా పేరుకి మార్చుకోవాలి, టాక్సు కట్టాల్సింది సున్నా అన్న కాగితం ఇవ్వాలి, దానికి తోడు అవ్వ ఒక అర్జీ పెట్టాలి. పైకి పంపిస్తే మళ్ళీ పెన్షన్ వచ్చే అవకాశం ఉందంది. అర్జీ తనే రాసిపెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. సిరా పెట్టె తెరిచి ముందుకు జరిపింది. అత్త ఇంటి దగ్గరే వేలు శుభ్రంగా తోముకుని వచ్చింది, సిరాకి కూడా అలవాటు కొద్దీ.

"ఏం రాసినావో చదువు అమ్మా," అంది.

ఆ అమ్మాయి చదివింది. ఆ వ్యాపారం తనది కాదనీ, కోడలు తనకు తెలియకుండా తన పేరు వాడిందనీ, తాను ఏ పనీ చేయడం లేదనీ, తనకు ఏ సంపాదనా లేదనీ.

అత్త సిరా దగ్గరిదాకా పోయిన వేలు వెనక్కి తీసుకుంది.

"ఇంకోసారి చదువు," అంది. ఆ అమ్మాయి మళ్ళీ చదివింది.

"అత్తా, అది ఉత్త మాటలే. వేసెయ్," అన్నాను.

"ఉత్త మాటలేందిమే?" అంది నా వైపు తిరిగి. తమలపాకులో పెట్టిన డబ్బు వద్దన్నాక నాతో మాట్లాడిన మొదటి మాట అదే. "నాకు పదేళ్ళప్పటి నుంచి చేపల తట్ట మోసినా. బోగోలు మోసినా, కావలి మోసినా, పైన రెడ్లూళ్ళకి పోయి వడ్లకి చేపలిచ్చి ఆ వడ్లు నెత్తిన పెట్టుకోనొచ్చినా. ఇంటికి జనాబా లెక్కలోళ్ళు వస్తే మీ మామ ఏమనేవాడు? మా ఆడమనిషి ఏం చెయ్యదు సార్, ఇంట్లోనే ఉంటాది అనేవాడు. నేను ఆడనే తట్ట దించుకుంటా వినేదాన్ని. రేషన్ కార్డోళ్ళు వస్తే నా కొడుకూ అదే చెప్పినాడు. ఇన్నాళ్ళకి యాపారం అని ఒక కాడ రాసినారు. అది గవర్నమెంటోళ్ళకి గూడా తెలిసింది. ఇప్పుడు నా ఏలితో నేనే కాదని చెప్పాల్నా?"

సచివాలయం అమ్మాయి నా మొహం చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. పెన్షన్ పోతుంది అవ్వా అని ఆ అమ్మాయే అంది. "పోనియ్యి," అంది అత్త. లేచి, శుభ్రంగా ఉన్న ఆ వేలిని కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది.

దారంతా నేను ఏడుపు మింగుకుంటూ నడిచాను. అత్త పెద్ద త్యాగం చేసిందనీ, ఇక ఆమెను జీవితాంతం కళ్ళలో పెట్టుకుని చూసుకోవాలనీ అనుకున్నాను. ఇంటికొచ్చాక మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, అసలు మాట బయటపెట్టింది.

"అయితే పడవ నా పేరున ఉన్నట్టే గదా?"

"ఏ పడవ అత్తా?"

"ఈ ఫోన్ యాపారం. ఏరినోళ్ళకి మనిషి వాటా ఇస్తుండావు. గంగమ్మకి ఇస్తుండావు. పేరు నాది. పడవ వాటా యాడికి పోతుండాది?"

పడవ వాటా నా దగ్గరే ఉండిపోతోంది. దానికి పడవ వాటా అని పేరు పెట్టలేదు గాని, కొత్త ఫోన్ కొన్నాను, మా ఆయనకి మంచి టార్చి కొన్నాను, నాకు గాజులు చేయించుకున్నాను. అత్త నా గాజుల వైపే చూస్తోంది. మా ఆయన అప్పుడే లోపలికొచ్చి, సంగతి విని, ఒక క్షణం ఆలోచించి తల్లి పక్కకి పోయి నిలబడ్డాడు. "అమ్మ చెప్పింది న్యాయమే గదా మే. పేరెవురిదో వాటా వాళ్ళది," అన్నాడు. పేరు పెట్టమన్నది తనేనన్న ధ్యాస కూడా లేదు మహానుభావుడికి.

వాటా తీయక తప్పలేదు. అది పెన్షన్ కన్నా ఎక్కువే వచ్చింది. అత్త ఎంచుకుని, నడుముకి దోపుకుని, మర్నాడు బస్సెక్కి కావలి పోయి కాఫీ పొడి ఆడించుకుని వచ్చింది. ఈసారి డబ్బా పెద్దది.

తర్వాతి ఒకటో తేదీన ఆమె వేలికి చింతపండు రుద్దలేదు. తెల్లారగానే చేపల్లో చేతులు పెట్టింది. సచివాలయం అమ్మాయి మా వీధిలోకి వచ్చేసరికి చేతులు కడుక్కుని గడపలో కూర్చుంది. ఆ అమ్మాయి మా ఇంటి వైపు చూడడానికి ఇబ్బంది పడుతూ, గబగబా పక్కింటి ముసలామె దగ్గరికి పోయింది. అత్తే కేకేసింది.

"ఈడికొచ్చి కాఫీ తాగిపో అమ్మా. నా యాపారం కాఫీ."

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని నవ్వింది. వస్తానని చెప్పి, పక్కింటి ముసలామె వేలు మిషన్ మీద పెట్టించి, నోట్లు ఎంచసాగింది. అత్త మెడ చాపి చూస్తూ ఉంది.

"జాగర్తగా లెక్కపెట్టియ్యి," అంది. "అందులో నేను కట్టింది గూడా ఉండాది."

పక్కింటి ముసలామె డబ్బు కళ్ళకద్దుకుని, మా అత్త వైపు తిరిగి, ఆమెకీ ఒక దండం పెట్టింది. అత్త చెయ్యెత్తి అందుకుంది. ఆమె కట్టింది సున్నా అనీ, పట్టుకున్న ఆ కాస్తా కూడా పోయిన వారమే వెనక్కి వచ్చేసిందనీ చెప్పడానికి నేను నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని, కాఫీకి నీళ్ళు పెట్టడానికి లోపలికి పోయాను.